ఒక్క నట్టా, ఐదు నట్లా?

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. పదిహేనేళ్ళ బట్టి ఆస్టిన్‌లో ఉంటున్నాడు. మామూలుగా అయితే అమ్మ బాగుందా, నాయన బాగున్నాడా, వానలు పడినాయా, కేసీ కెనాల్‌కి నీళ్ళు వదిలినారా.. ఈ వరసలో సాగుతాయి మా మాటలు. ఆ రోజు ఇవేవీ లేవు.

"ఒరే, నువ్వు మెకానికల్ గదా చదివింది. ఒగ మాట చెప్పు. చక్రానికి ఒగటే నట్టుండే కారు తీసుకోమంటావా, ఐదుండేది తీసుకోమంటావా?"

నేను మెకానికల్ చదివిన మాట నిజమే. నాలుగేళ్ళు థర్మోడైనమిక్సూ, మెషీన్ డిజైనూ చదివి, ప్రస్తుతం జావా కోడు రాసుకుని బతికే జాతి నాది. మా బ్యాచ్‌లో సగం మంది ఇంతే. కానీ ఇంట్లోవాళ్ళ దృష్టిలో మాత్రం నేనింకా మెకానికల్ ఇంజినీరునే. మిక్సీ చెడిపోయినా నన్నే అడుగుతారు :)

సంగతేమిటంటే, అన్నకి చిన్నప్పటినుంచీ పోర్షే 911 అంటే పిచ్చి. మైదుకూరులో వాళ్ళింట్లో బీరువా తలుపుకి ఒక పేపరు కటింగు అతికించి ఉండేది. ఇన్నాళ్ళకి ఇల్లు, పిల్లలు, గ్రీన్ కార్డు తంటాలు అన్నీ ఒక దారికొచ్చాక సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనుక్కుందామనుకున్నాడు. రెండు కార్లు చూశాడు. రెండూ 911 జీటీ త్రీలే. ఒకటి 2008ది, రెండోది 2010ది. 2009లో పోర్షే వాళ్ళు ఆ కారుని కొంచెం మార్చారు. ఇంజను 3.6 లీటర్ల నుంచి 3.8కి పెరిగింది, 415 గుర్రాలు కాస్తా 435 అయ్యాయి. దానితోపాటు ఇంకో మార్పు. చక్రానికి ఐదు బోల్టులు తీసేసి మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు పెట్టారు. దాన్నే సెంటర్‌లాక్ అంటారు. ఫార్ములా వన్ కార్లకి ఉంటుందే, అదే.

ఇంకో ఇరవై గుర్రాల సంగతి అన్నకి పట్టలేదు. ఆయన బెంగంతా ఆ నట్టు గురించే. చూడ్డానికి అదిరిపోయేలా ఉందట, కానీ ఎవర్నడిగినా తలా ఒక మాట చెప్తున్నారట. ఆస్టిన్ పక్కనే సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ఉంది కాబట్టి (2012 నుంచీ అమెరికా గ్రాండ్ ప్రీ అక్కడే జరుగుతోంది) ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్ మీదకి కూడా తీసుకెళ్తానన్నాడు. మిగతా రోజుల్లో ఆఫీసుకీ, గుడికీ.

సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేశాను. కాఫీ తాగుతూ ఆలోచిస్తే నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఏ రేసు కారూ కాదు. మా జేజినాయన ఎద్దులబండి.

మీలో ఎంతమంది చెక్క చక్రాల బండిని దగ్గర్నుంచి చూశారో నాకు తెలీదు. టైరు బండ్లు వచ్చాక అవి చాలామటుకు పోయాయి. నేను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు మా ఇంట్లో ఒకటి ఇంకా ఉండేది. అందులో చక్రానికి నట్టూ లేదు, బోల్టూ లేదు. ఇరుసు చక్రం మధ్యలోంచి దూరి అవతలికి జానెడు పొడుచుకొస్తుంది. ఆ కొసన ఒక బెజ్జం. ఆ బెజ్జంలో ఒక ఇనప చీల. అంతే. దాన్నే కడచీల అంటారు. బండి మీద పది పన్నెండు బస్తాల పసుపుండనీ, శనక్కాయలుండనీ, చక్రం ఊడిపోకుండా ఆపేది ఆ ఒక్క చీలే. అంటే, మన సెంటర్‌లాక్ అన్నమాట. జర్మనీ వాళ్ళు దాని తర్వాత ఎన్ని హంగులు పెట్టినా అసలు ఆలోచన అదే.. మధ్యలో ఒకే ఒక్క చోట బిగింపు.

కడచీల ఊడితే ఏమవుతుందో మా జేజి కథలో చెప్పేది. దశరథుడు యుద్ధం చేస్తుంటే రథం కడచీల ఊడిపోయిందట. పక్కనున్న కైకేయి చక్రం పోకుండా తన వేలు ఆ బెజ్జంలో పెట్టి నిలబెట్టిందట. దానికి మెచ్చి ఆయన రెండు వరాలిచ్చాడు. వాల్మీకంలో ఈ వేలు కథ ఉండదు, మన జనం కల్పించుకున్నదే. కానీ ఆలోచించండి.. ఒక్క చీల ఊడినందుకు రామాయణం మొత్తం జరిగింది. మా ఆఫీసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ గురించి గంటలు గంటలు మీటింగులు పెట్టి చెప్తారు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

మరి జేజినాయన బండి చక్రం ఎన్నిసార్లు ఊడింది? నాకు తెలిసి ఒక్కసారి కూడా ఊడలేదు. ఎందుకంటే ఆయన బండి కట్టే ముందు ప్రతిసారీ, ప్రతిసారీ అంటే పక్క చేనికి పోయేటప్పుడు కూడా, రెండు పక్కలా వంగి చీల మీద వేలు పెట్టి చూసేవాడు. వదులుగా ఉంటే రాయితో నాలుగు దెబ్బలు. అరిగిపోతే కమ్మరి దగ్గరికి. ఆముదంలో బూడిద కలిపిన కందెన పూయడం సరేసరి. ఆ చూడ్డం ఆయనకి దండం పెట్టుకోవడం లాంటిది. నాకు అప్పట్లో అదేదో చాదస్తం అనిపించేది.

సరే, కార్ల దగ్గరికొద్దాం. సెంటర్‌లాక్ కొత్త ఫ్యాషనేమీ కాదు, వందేళ్ళు దాటింది. ఇంగ్లండులో రడ్జ్-విట్‌వర్త్ అని సైకిళ్ళ కంపెనీ ఒకటుండేది. వాళ్ళు తీగ ఆకుల చక్రాన్ని మధ్యలో ఒకే నట్టుతో బిగించి, విప్పదీసే పద్ధతి ఒకటి పట్టుకొచ్చారు. అంతకుముందు టైరు పంక్చరైతే చక్రం బండికి ఉండగానే టైరు ఊడబెరుక్కోవాల్సి వచ్చేది. ఇది ఎంత లాభమో మిగతావాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది, ఎందుకంటే 1908 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీకి నేపియర్ వాళ్ళు ఈ చక్రాలతో వస్తామంటే ఒప్పుకోలేదు. వాళ్ళు రేసే మానుకున్నారు.

ఆ నట్టుకి చెవుల్లాంటి రెక్కలుండేవి. సుత్తితో కొడితే బిగుస్తుంది, ఇంకో వైపు కొడితే ఊడుతుంది. కారుకి ఒక పక్క మామూలు మర, రెండో పక్క ఎదురు మర. చక్రం తిరిగేకొద్దీ నట్టు వదులవకుండా ఇంకా బిగుసుకోవాలని అలా పెట్టారు. మన సైకిలుకి ఎడమ పెడలు మర కూడా ఎదురుగానే ఉంటుంది, ఎప్పుడైనా విప్పి చూస్తే తెలుస్తుంది. నేను ఆ సంగతి తెలీక ఆరో తరగతిలో మా సైకిలు పెడలుని బలమంతా పెట్టి విప్పబోయి, ఇంకా బిగించేసి, చివరికి షాపువాడి చేత తిట్లు తిన్నాను. తర్వాత 1968లో అమెరికా ప్రభుత్వం ఈ రెక్కలు నడిచేవాళ్ళకి తగిలితే ప్రమాదమని నిషేధించింది. అప్పట్నుంచీ అక్కడికెళ్ళే ఎమ్‌జీలకీ, జాగ్వార్లకీ రెక్కల్లేని నట్లు వచ్చాయి. ఆ నిబంధన 1996లో ఎత్తేశారు కానీ, అప్పటికే మామూలు కార్లన్నీ ఐదు నట్లకో నాలుగు నట్లకో వచ్చేసి చాలా కాలమైంది.

రేసుల్లో మాత్రం ఒక్క నట్టే రాజ్యం. కారణం ఒకటే, వేగం. 2023 ఖతార్ గ్రాండ్ ప్రీలో మెక్‌లారెన్ వాళ్ళు నోరిస్ కారుకి నాలుగు చక్రాలూ 1.80 సెకన్లలో మార్చారు. మీరు ఈ వాక్యం చదివేలోపు అయిపోతుంది. ఐదు నట్లతో అది ఎవరి తరమూ కాదు. అమెరికాలో నాస్‌కార్ వాళ్ళు దశాబ్దాల తరబడి ఐదు నట్లతోనే నెట్టుకొచ్చి, ఆ ఐదింటినీ వేగంగా బిగించడాన్నే ఒక కళగా చేసి, చివరికి 2022లో కొత్త కారుతోపాటు వాళ్ళూ ఒక్క నట్టుకే మారారు. మారిన మొదటి సీజన్‌లోనే చక్రాలు ఊడి దొర్లుకుంటూ పోయాయి. చక్రం ఊడితే సిబ్బందిని నాలుగు రేసులు సస్పెండ్ చేశారు. కళ మారితే చేతులు కూడా మారాలి మరి.

ఎంత చేతులు తిరిగినవాళ్ళయినా ఒక్క నట్టు దగ్గర బోర్లా పడ్డ కథలు బోలెడు. 1987 హంగరీ గ్రాండ్ ప్రీలో మాన్సెల్ ముందున్నాడు, ఇంకో ఆరు ల్యాపులు పోతే గెలుపు. వెనక చక్రం నట్టు ఊడిపోయింది. పికే గెలిచాడు. 2018 మెల్‌బోర్న్‌లో హాస్ కార్లు రెండూ నాలుగూ ఐదూ స్థానాల్లో ఉండగా, పిట్ స్టాపులో నట్టు సరిగ్గా పడక ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. దీనికి తిరగేసిన కథ 2021 మొనాకోలో బోటాస్‌ది. రెండో స్థానంలో ఉండి టైర్లు మార్చుకోవడానికొస్తే నట్టు ఊడి రాలేదు. గన్ను సరిగ్గా కూర్చోక నట్టు గాళ్ళు అరిగిపోయాయి. రేసు అక్కడితో ఆఖరు. ఆ చక్రాన్ని కారుతో సహా ఇంగ్లండులో ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాక గానీ విప్పలేకపోయారు. ప్రపంచంలో అంతకన్నా మంచి పనిముట్లు, అంతకన్నా మంచి మెకానిక్కులు దొరకరు. ఇంకో నాలుగు నట్లు లేవు కాబట్టి ఇంకో దారి లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా ఈ రేసు జరిగితే నేనూ వెళ్ళాను. హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లనే ట్రాకుగా మార్చారు. 2.8 కిలోమీటర్ల చుట్టు, ఎండ మాడిపోతోంది, వెర్న్ గెలిచాడు. (తర్వాతి ఏడాది జరగాల్సింది రద్దయింది, అది వేరే గోల.) ఆ రేసులో టైర్లు మార్చడమనేదే లేదు. మొదలుపెట్టిన టైర్లతోనే ముగింపు. అయినా కార్లకి మధ్యలో ఒక్క నట్టే. అప్పుడు నాకు అర్థం కాలేదు కానీ ఇప్పుడనిపిస్తోంది, అక్కడ ఒక్క నట్టు పెట్టినా పర్వాలేదు. ఎందుకంటే ఆ కారు గ్యారేజీ నుంచి బయటికొచ్చే ప్రతిసారీ చక్రానికొక మనిషి కొలత రెంచితో నిలబడి ఉంటాడు. పదిసార్లు వెళ్తే పదిసార్లూ చూస్తాడు. మా జేజినాయన లాగానే.

ఆ రేసులో మహీంద్రా వాళ్ళ కారు కూడా ఉంది. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా కడప వైపు మహీంద్రా అంటే కమాండర్ జీపు. దానికి చక్రానికి ఐదు నట్లు. ఆ ఐదు నట్లకి నేను వ్యక్తిగతంగా బాకీ ఉన్నాను.

2007 అనుకుంటా, నాకప్పుడు పదేళ్ళు. బద్వేలులో పెళ్ళి. బాడుగ జీపులో లోపలా, వెనకా, పైనా కలిపి పద్నాలుగు మందిమి. ఈ అన్న కూడా ఉన్నాడు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ. మైదుకూరు దాటి కొండల్లోకి వెళ్ళాక వెనక నుంచి టక టక మని చప్పుడు. డ్రైవరు మొదట పట్టించుకోలేదు. జీపన్నాక ఏదో ఒకటి టకటకలాడుతూనే ఉంటుంది. చప్పుడు పెరిగింది. బండి కొద్దిగా ఒక పక్కకి ఊగడం మొదలైంది. మా నాయన "రోంత ఆపబ్బా, చూద్దాం" అన్నాడు. దిగి చూస్తే వెనక ఎడమ చక్రానికి ఐదు నట్లలో రెండు లేవు. ఇంకో రెండు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ఒక్కటి మాత్రం పట్టుకుని ఉంది. పొద్దున పంక్చర్ వేసినవాడు ఐదూ పెట్టాడు కానీ సరిగ్గా బిగించలేదు. తప్పు జీపుది కాదు, నట్టుది కాదు. ఎవడో ఒక పిల్లోడు, తొందరలో ఉన్నాడు, మర్చిపోయాడు.

ఆడవాళ్ళు దేవుడికి దండాలు పెడుతుంటే డ్రైవరు ఏం చేశాడో నేను కళ్ళారా చూశాను. జాకీ వేశాడు. మిగతా చక్రాల్లో రెండింటికి తలా ఒక నట్టు విప్పాడు. ఆ రెండూ తెచ్చి దీనికి పెట్టాడు. ఐదూ గట్టిగా బిగించాడు. ఇరవై నట్లలో రెండు పోతే పద్దెనిమిది. రెండు చక్రాలకి ఐదు, రెండింటికి నాలుగు. ఎవరికీ ఏమీ కాలేదు, ముహూర్తానికి అందుకున్నాం. మొత్తం పావుగంట. డ్రైవరు చదువు నాలుగో తరగతి.

ఆ జీపుకి మధ్యలో ఒకే నట్టు ఉండి, దాన్ని ఆ పిల్లోడు బిగించడం మర్చిపోయి ఉంటే? ఆ రోడ్డు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సాయంత్రం అన్నకి ఫోన్ చేసి ముందు ఇదే గుర్తుచేశాను. "అవున్రా, నేను దిగి వాంతి చేసుకున్యా" అన్నాడు. ఆ తర్వాత వాదన మొదలైంది.

అన్న మొదటి వాదన: పోర్షే వాళ్ళు పిచ్చోళ్ళు కాదు, ఆ నట్టు ఊడిపోకుండా లోపల ఒక తాళం ఉంటుంది. నిజమే. ఆ నట్టు లోపల స్ప్రింగుతో పనిచేసే చిన్న ఏర్పాటొకటి ఉంది, నట్టు వదులైనా పూర్తిగా ఊడి పడిపోకుండా ఆపుతుంది. తమాషా ఏమిటంటే, అది కడచీలే. ఎంత పెద్ద నట్టు పెట్టినా చివరికి వాళ్ళు కూడా ఒక చీల పెట్టక తప్పలేదు. కానీ తాళం చక్రం పారిపోకుండా ఆపుతుందే గానీ, బిగువుని పట్టి ఉంచదు. రెండూ ఒకటి కాదు.

ఈ బిగువు గురించి కొంచెం చెప్పాలి, నా మెకానికల్ డిగ్రీకి పనికొచ్చే సందర్భాలు అరుదు కాబట్టి భరించండి. చాలామంది చక్రాన్ని బోల్టులు మోస్తాయనుకుంటారు. కాదు. బోల్టులు చక్రాన్ని హబ్బుకి గట్టిగా అదిమితే, ఆ రెండు లోహపు ముఖాల మధ్య రాపిడి చక్రాన్ని పట్టుకుంటుంది. బోల్టు పని అదమడమే. అందుకే ఐదింట్లో ఒకటి వదులైతే మిగతా నాలుగూ అదుముతూనే ఉంటాయి. చప్పుడు చేస్తాయి, ఊగిస్తాయి, మనకి చెప్తాయి. సెంటర్‌లాక్‌లో అయితే తిప్పే బలాన్ని హబ్బు మీదుండే పిన్నులు తీసుకుంటాయి, అదిమే పని మొత్తం ఒక్క నట్టుది. పైగా నట్టు లావయ్యేకొద్దీ అదే బిగువు రాబట్టడానికి ఎక్కువ తిప్పాలి. అన్న చూసిన 2008 కారుకి ఒక్కో బోల్టు 130 న్యూటన్ మీటర్లకి బిగిస్తే సరి. నలభై సెంటీమీటర్ల స్పానర్ కొసన 33 కిలోల బరువు పెట్టినట్టు. ఎవరైనా చెయ్యొచ్చు. సెంటర్‌లాక్‌కి 600. అంటే మీటరు పొడుగు కడ్డీ కొసన ఒక మనిషి వేలాడినట్టు. కారులో దొరికే పనిముట్టుతో అయ్యే పని కాదు. దానికి ప్రత్యేకమైన సాకెట్టు, పెద్ద టార్క్ రెంచి కావాలి. లోపల ఇంకొకరు కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి, లేకపోతే చక్రం తిరుగుతుంది. మరకీ, నట్టు వాలుకీ ముందుగా అల్యూమినియం పేస్టు పూయాలి (కందెన!). 600కి బిగించి, పావు చుట్టు వెనక్కి విప్పి, మళ్ళీ 600కి బిగించాలి. ఆ పావు చుట్టు మర్చిపోతే నట్టు బిగిసినట్టే కనిపిస్తుంది, సర్దుకుని కూర్చోకపోవచ్చు.

అన్న రెండో వాదన గట్టిది. "ఒరే, ఈ కారుకి స్టెప్నీయే ఉండదు. పంక్చరైతే జిగురు డబ్బా కొట్టి నడపాల, లేదంటే లారీ మీద ఎక్కించుకోని పోవాల. రోడ్డు మీద చక్రం విప్పే పనే లేనప్పుడు ఐదైతే ఏంది, ఒగటైతే ఏంది?"

ఇది విన్నాక కాసేపు నాకు మాట రాలేదు. నిజమే, స్టెప్నీ లేని కారుకి రోడ్డు పక్కన చక్రం మార్చుకునే స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇవ్వడం తెలివితక్కువ పని. కానీ ఆలోచిస్తే ప్రశ్న అది కాదు. చక్రం రోడ్డు మీద విప్పకపోయినా టైరు షాపులో విప్పుతారు. బ్రేకులు చూసేటప్పుడు విప్పుతారు. ట్రాక్ మీదకి వెళ్ళే కారుకైతే ఇంకా ఎక్కువ. విప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు బిగించాలి. ఆ బిగించేవాడు బద్వేలు రోడ్డులో మాకు పంక్చర్ వేసిన పిల్లోడైనా కావచ్చు, ఆస్టిన్‌లో గంటకి వంద కార్లు చూసే షాపులో శనివారం పూట పనిచేసే కుర్రాడైనా కావచ్చు. మనుషులు మనుషులే. ఐదు బోల్టుల కారైతే ఇంటికొచ్చాక అన్న గ్యారేజీలోనే, రెండొందల డాలర్లలోపు వచ్చే మామూలు రెంచితో, ఒక్కడే అయిదు నిమిషాల్లో సరి చూసుకోవచ్చు. సెంటర్‌లాక్ అయితే, సరిగ్గా బిగించారులే అని నమ్మడమే. చూసుకోవాలంటే పెద్ద రెంచి ఉండాలి, తోడు ఒక మనిషుండాలి, అన్నిటికన్నా చూసుకోవాలన్న బుద్ధుండాలి.

అందుకే నా ఓటు ఐదు బోల్టుల 2008 కారుకే అని చెప్పాను. ఒక్క బిగింపు తప్పని నేననను. ఒక్క బిగింపు ఉన్నచోట రోజూ దాని మీద ఒక చెయ్యి ఉండాలి. రేసు గ్యారేజీలో ఉంటుంది. మా జేజినాయన బండికి ఉండేది. ఆఫీసు పార్కింగులో వారమంతా పడుండే కారుకి ఉండదు. మరిచిపోయేవాళ్ళ కోసం ఐదు నట్లున్నాయి, మనలో నూటికి తొంభై మంది మరిచిపోయేవాళ్ళే. నా కారుకి టైర్లలో గాలి చూసి ఎన్ని నెలలైందో నాకే గుర్తులేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సెంటర్‌లాక్ చక్రం అందంగా ఉంటుంది. నట్ల గుంటలు లేకుండా, ఆకులన్నీ మధ్యలోకి వచ్చి కలిసి.. చూస్తే చాలు, ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టుంటుంది. దొంగలు కూడా దాని జోలికి పోరంటారు, అంత పెద్ద పనిముట్టు మోసుకుని తిరిగే దొంగ ఎవడుంటాడు. ట్రాక్ దగ్గర గాలి గన్నూ, మనుషులూ ఉన్నవాడికి నాలుగు చక్రాలు మార్చడం చిటికెలో పని. బీరువా తలుపు మీద కటింగు అతికించుకున్నవాడికి ఆ నట్టు వట్టి నట్టు కాదని నాకూ తెలుసు. అది కాదని వాదించడం నా వల్ల కాలేదు, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

అన్న అంతా విన్నాడు. "సరేలేరా, ఆలోచిస్తా" అన్నాడు. ఆయన సరేలేరా అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మొన్న శనివారం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. గ్యారేజీలో తెల్ల కారు. చక్రం మధ్యలో ఒకే ఒక నట్టు. నేలమీద, మా చేనికాడ గడ్డపార అంత పొడుగు టార్క్ రెంచి. డ్రైవరు సీట్లో వదిన, మొహం చిట్లించుకుని బ్రేకు తొక్కి పట్టుకుని ఉంది. కింద రాశాడు: "ఇంగ ప్రతి నెలా మేమిద్దరం చూసుకుంటాం. ఇప్పుడే నాలుగూ 600కి బిగిచ్చినా."

"పావు చుట్టు వెనక్కి విప్పి మళ్ళీ బిగించినావా?" అని అడిగాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల దాకా జవాబు లేదు. తర్వాత వచ్చింది.

"మీ వదిన లోపలికి పోయింది. మళ్ళీ పిలుస్తాండా."